బేకర్స్‌ఫీల్డ్ క్వారీలో సొరచేప పళ్లు: పన్నును లాగొద్దు, పొరను విప్పండి

మీరు అడిగింది ఇదీ: బే ఏరియా నుంచి మూడు కుటుంబాలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో కలిపి పది మంది, ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ దగ్గర, డబ్బు కట్టి సొరచేపల శిలాజ పళ్లు తవ్వుకునే క్వారీకి వెళ్తున్నారు. మీలో ఇద్దరు కిందటేడు వెళ్లొచ్చారు, తెచ్చిన పళ్లలో సగం విరిగినవే. ఏం కొనాలి, ఎక్కడ తవ్వాలి, విరక్కుండా ఎలా తీయాలి, అంతరించిపోయిన రాక్షస సొర మెగలోడాన్ పన్ను దొరుకుతుందా అన్నవి మీ ప్రశ్నలు.

మెగలోడాన్ మాట ముందు తేల్చేద్దాం. అక్కడి ఎముకల పొరలో ఉంది, కానీ అరుదు. రోజంతా పది మంది తవ్వినా ఒక్కటీ రాకపోవడమే మామూలు. దానికోసమే వెళ్తే మధ్యాహ్నానికల్లా విసుగొచ్చి గునపం అందుకుంటారు, దాంతో మిగతా పళ్లన్నీ ముక్కలవుతాయి. అక్కడ పుష్కలంగా దొరికేది మాకో అని పిలుస్తూ వచ్చిన హస్టాలిస్ అనే సొర పన్ను. అంగుళం నుంచి రెండు అంగుళాల పొడవు, నున్నటి అంచు, తేనె రంగు నుంచి నీలి బూడిద రంగు దాకా ఉంటుంది. అది చెక్కుచెదరకుండా వేరుతో సహా వస్తే చాలు, ఆ రోజు పండినట్టే.

విరగడానికి కారణం తెలియాలంటే ఆ పొర సంగతి తెలియాలి. బేకర్స్‌ఫీల్డ్ ఉన్న ఇప్పటి శాన్ వాకీన్ లోయ ఒకప్పుడు సముద్రపు పాయ. బేకర్స్‌ఫీల్డ్ దగ్గరి షార్క్‌టూత్ హిల్ అనే గుట్ట చుట్టూ ఉన్న ఎముకల పొర 1 కోటి 59 లక్షల నుంచి 1 కోటి 52 లక్షల ఏళ్ల కిందటిది. 1853లో రైలు మార్గం సర్వేకి వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త విలియం బ్లేక్ ఇక్కడి పళ్లు సేకరించాడు, ప్రకృతి శాస్త్రవేత్త లూయీ అగాసి వాటిని వర్ణించాడు. అగ్నిపర్వతం పేలి అన్నీ ఒకేసారి చచ్చిపోయాయని చాలామంది చెబుతారు గానీ, 2009లో వచ్చిన పరిశోధన చెప్పింది వేరు. సముద్రం అడుగుకి ఒండ్రు సరిగా చేరని చోట లక్షల ఏళ్లపాటు, దాదాపు 7 లక్షల ఏళ్ల దాకా, పైనుంచి పడ్డ ఎముకలూ పళ్లూ అలా పోగవుతూ వచ్చాయి. అందుకే పొర మందం 10 నుంచి 50 సెంటీమీటర్లే అయినా చదరపు మీటరుకు సుమారు 200 ఎముకలు ఉంటాయి.

సొరపుట్టు కోసం సొరను కోయించిన ఇంట్లో పుట్టినవాళ్లకి ఇంకో సంగతి వివరించక్కర్లేదు: సొరకి ముల్లు ఉండదు, అంతా మెత్తెముకే. అది కుళ్లి పోతుంది. పళ్లు మాత్రం బతికినంతకాలం ఊడుతూ కొత్తవి వస్తూనే ఉంటాయి, ఒక్కో సొరకి వేలల్లో. ఊడిన పన్ను అడుగున వాలి పడుకుంటుంది. ఇక్కడే మీ సగం పళ్లు ఎందుకు విరిగాయో ఉంది. పళ్లు దాదాపు అన్నీ పొరలో పడుకుని ఉంటాయి, నిలబడి ఉండవు. పైనుంచి నిలువుగా పొడిస్తే పన్ను నడుం మీదే దెబ్బ. పక్కనుంచి, పొర వెంబడి విప్పుకుంటూ వెళ్తే పన్ను దానంతటదే పళ్లెంలో పెట్టినట్టు బయటపడుతుంది. కోటిన్నర ఏళ్లు నిలిచిన పన్ను స్క్రూడ్రైవర్ కింద ఒక్క సెకనులో పోతుంది.

ఎక్కడ తవ్వొచ్చు అన్నదానికి జవాబు ఒక్కటే: యజమాని అనుమతి ఉన్న ప్రైవేటు భూమిలో మాత్రమే. ఎర్న్‌స్ట్ క్వారీస్ లాంటి చోట్ల ముందే రోజు తీసుకుని రుసుము కట్టి వెళ్తారు. అసలు షార్క్‌టూత్ హిల్ 1976 నుంచి జాతీయ సహజ చిహ్నం, అక్కడికి వెళ్లి తవ్వకూడదు. పక్కనే కంచె లేని కేంద్ర ప్రభుత్వ భూములు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. 2009 నాటి అమెరికా కేంద్ర చట్టం ప్రకారం వెన్నెముక జీవుల శిలాజాలను పర్మిట్ లేకుండా అక్కడ ఏరడం నేరం. సొరచేప పన్ను కూడా అందులోకే వస్తుంది, నేల మీద పడి ఉన్నా సరే. పిల్లల వయసు నిబంధన, ఏం దొరికితే ఇంటికి తీసుకెళ్లొచ్చు, మట్టి సంచి తెచ్చుకోవచ్చా, ఈ మూడూ బుక్ చేసేటప్పుడే అడగండి.

ఇక దుమ్ము సంగతి. దీన్ని పనిముట్ల కంటే ముందు చెబుతున్నానంటే అర్థం చేసుకోండి. బేకర్స్‌ఫీల్డ్ ఉన్న కెర్న్ కౌంటీ మట్టిలో కాక్సిడియాయిడ్స్ అనే ఫంగస్ ఉంటుంది. మట్టి కదిలినప్పుడు దాని బీజాలు గాల్లోకి లేస్తాయి, పీలిస్తే వ్యాలీ ఫీవర్. ఎక్కువమందికి ఏమీ కాదు. వచ్చినవాళ్లకి 1 నుంచి 3 వారాల్లో జ్వరం, దగ్గు, విపరీతమైన నీరసం, కీళ్ల నొప్పులు, కొందరికి ఒంటి మీద దద్దుర్లు. కొద్దిమందికి ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, నూటికి ఒకరికి ఒంట్లో వేరే చోట్లకి పాకుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి, గర్భిణులకి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లకి ముప్పు ఎక్కువ.

మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉంటే గుంట దగ్గరికి తీసుకెళ్లకండి. కారు ఎక్కించి బేకర్స్‌ఫీల్డ్ ఊళ్లోని బ్యూనా విస్టా మ్యూజియానికి పంపండి, ఇదే పొరలోంచి తీసిన ఎముకలూ పళ్లూ అక్కడ అద్దాల్లో ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు వచ్చి, మూడు వారాల్లోపు తిరిగి గుంటూరో కరీంనగరో వెళ్లిపోయారనుకోండి. అక్కడ జ్వరమొస్తే డాక్టరు డెంగీ చూస్తారు, టైఫాయిడ్ చూస్తారు, దగ్గు తగ్గకపోతే టీబీ చూస్తారు. కాక్సిడియాయిడ్స్ మన దేశపు మట్టిలో ఉండేది కాదు, కాబట్టి ఆ ఆలోచన ఎవరికీ రాదు. మామూలు యాంటీబయాటిక్స్ దీనికి పనిచేయవు. అందుకని ఒక కాగితం మీద తవ్విన తేదీ, 'కెర్న్ కౌంటీ, కాలిఫోర్నియా, మట్టి తవ్వకం, కాక్సిడియాయిడ్స్ రక్తపరీక్ష అవసరం కావచ్చు' అని రాసి ఫైల్లో పెట్టి పంపండి. మీకైనా ఇదే మాట. బే ఏరియా డాక్టరుకి ఎక్కడ తవ్వారో మీరు చెబితేనే తెలుస్తుంది.

తవ్వే చోట జాగ్రత్తలు: ప్రతి ఒక్కరికీ రోజుకి రెండేసి ఎన్95 మాస్కులు. చెమటకి తడిసిన మాస్కు పనిచేయదు, మధ్యాహ్నం మార్చాలి. గడ్డం ఉంటే అంచు అతుక్కోదు, గాలి పక్కనుంచి వస్తుంది, ఆ వారం గీసుకోవడమే మేలు. తోటకి వాడే పంపు స్ప్రేయర్ ఒకటి నీళ్లతో నింపి, తవ్వబోయే మట్టి మీద ముందుగా చిలకరించాలి. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా కూర్చోవాలి. గాలి గట్టిగా లేస్తే పని ఆపేయాలి, ఎంత దూరం నుంచి వచ్చినా సరే. వెళ్లేటప్పుడు బట్టలు, బూట్లు మార్చి, తీసినవి సంచిలో మూట కట్టి డిక్కీలో వేయండి. మాస్కు వల్ల రిస్కు తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇది తెలిసి నిర్ణయించుకోండి.

ఏప్రిల్ ఎంచుకోవడం మంచిదే. వేసవిలో 38 డిగ్రీలు దాటుతుంది, నీడ ఉండదు. వాన పడిన మర్నాడు మాత్రం వెళ్లకండి, ఆ ఒండ్రుమట్టి దారి సబ్బులా జారుతుంది, కారు దిగబడుతుంది. ఏప్రిల్ అంటే ర్యాటిల్ పాములు బయటికొచ్చే కాలం కూడా. పొద్దున్నే పాత గుంటలోకి దిగే ముందు కర్రతో తట్టి చూడండి, కప్పిన టార్పాలిన్‌ని దూరం వైపు అంచు పట్టుకుని మీ వైపుకి ఎత్తండి. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, స్ప్రేయర్‌కి వేరేగా.

పనిముట్లకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. పై మట్టి తీయడానికి పొట్టి పిడి పార రెండు, ఒక గునపం. పొర దగ్గర వాడేవి వేరు: పావు అంగుళం, అర అంగుళం చదును మొన స్క్రూడ్రైవర్లు, చెప్పులు కుట్టేవాళ్లు వాడే ఆరె ఒకటి, వెదురు పుల్లలు, రెండు అంగుళాల పెయింటు బ్రష్షు, చెత్త ఎత్తే చాట, మోకాళ్ల కింద మెత్త, కళ్లద్దాలు, చేతితొడుగులు. పన్నుకి దగ్గరగా వచ్చాక ఇనుము పక్కన పెట్టి వెదురు పుల్ల పట్టుకోవాలి. వెదురు వంగుతుంది, ఎనామిల్‌ని గీయదు. పెట్టుకోవడానికి అల్యూమినియం ఫాయిల్, టాయిలెట్ పేపరు, గళ్లున్న మాత్రల డబ్బా, జిప్ సంచులు, మార్కర్ పెన్ను. జేబులో వేసుకున్న పన్ను సాయంత్రానికి వేరు లేకుండా ఉంటుంది, ఎందుకంటే ఈ పొరలో ఎనామిల్ గట్టిదే గానీ వేరు సుద్దముక్కలా పొడిపొడిగా రాలుతుంది. ఈ చోటి పళ్లకి అసలు బలహీనత అదే.

పది మంది ఒకేచోట పడకండి. నలుగురు పొర దగ్గర, ఇద్దరు పై మట్టి తీయడానికి, ఒకరు జల్లెడ దగ్గర, మిగతావాళ్లు గొడుగు నీడలో, ముప్పావుగంటకోసారి మారండి. పొర దగ్గర ఒక్కొక్కరికి మీటరు వెడల్పు, తాడు కట్టి మేకులు దిగ్గొట్టి, ఇద్దరి మధ్య కనీసం మీటరున్నర ఖాళీ. సుత్తి ఆడించేవాళ్ల పక్కన పిల్లలు కూర్చోకూడదు.

ముందుగా గట్టు నిలువు అంచుని బ్రష్షుతో శుభ్రం చేసి పది నిమిషాలు చూడండి. ఈ పది నిమిషాలు ఎవరూ పెట్టరు. పైన లేత బూడిద రంగు మెత్తటి ఒండ్రు, అందులో దాదాపు ఏమీ ఉండదు. దాని కింద గోధుమరంగు ఎముక ముక్కలు చిక్కగా, ఒక గీతలా కనిపిస్తాయి. స్క్రూడ్రైవర్ మొన ఒండ్రులో నిశ్శబ్దంగా దిగుతుంది, ఎముకల పొరలో టక్కుమంటుంది. ఆ గీత రెండు చివర్లా ఎంత ఎత్తులో ఉందో గుర్తు పెట్టండి, పొర ఎటు వాలుతుందో తెలుస్తుంది. అది తెలియక కిందికి తవ్వుతూ పొర దాటిపోయి ఖాళీ మట్టిలో మధ్యాహ్నం దాకా శ్రమపడేవాళ్లు చాలామంది.

తర్వాత పై మట్టిని అంచు నుంచి కనీసం 60 సెంటీమీటర్లు వెనక్కి తీసేయండి, మెట్టు ఏర్పడాలి. పై మట్టి అలాగే ఉంచి కింద పొరలోకి సొరంగం తవ్వడం ఎంత ఆశ పుట్టినా చేయొద్దు. ఘనమీటరు మట్టి టన్నుకి పైనే బరువు. పైకప్పు కూలేటప్పుడు చప్పుడు ఉండదు. నడుం ఎత్తు దాటిన నిలువు గోడ కింద కూర్చోకూడదు, దాన్ని వాలుగా చెక్కాలి. తీసిన మట్టి పల్లం వైపు పోయండి. పక్కవాళ్ల చోటు మీదా, ఇంకా తవ్వని పొర మీదా పోస్తే రేపు వచ్చేవాడి శ్రమ రెట్టింపవుతుంది.

మెట్టు సిద్ధమయ్యాక అసలు పని. పెద్ద స్క్రూడ్రైవర్‌ని ఎముకల పొర అడుగున అడ్డంగా, నేలకి సమాంతరంగా దూర్చి, అరచేతి వెడల్పు, ఐదు సెంటీమీటర్ల మందం పెళ్లని నెమ్మదిగా లేపండి. దాన్ని చాటలోకి తీసుకుని రెండు చేతులతో రొట్టె తుంచినట్టు విప్పండి. పెళ్ల తనకి తానుగా బలహీనంగా ఉన్నచోట, అంటే చాలాసార్లు పన్ను ముఖం వెంబడే, విడిపోతుంది. అప్పుడు కనిపించేది పన్ను మొత్తం కాదు. గోధుమరంగు మట్టిలో గోరంత మెరుపు, తడి గాజు ముక్కలా. ఎముక ఎప్పుడూ అలా మెరవదు. జిప్సం స్ఫటికం మెరుస్తుంది, కానీ అది పారదర్శకంగా ఉంటుంది, గోరుతో గీస్తే గీత పడుతుంది.

మెరుపు కనిపించగానే చెయ్యి ఆపండి. మొన పట్టుకుని లాగాలనిపిస్తుంది, లాగితే కిరీటం, అంటే ఎనామిల్ ఉన్న పై భాగం, చేతిలోకి, వేరు మట్టిలోకి. పెళ్లలో ఉంటే ఇంకేం చేయకుండా పెళ్లతో సహా ఫాయిల్‌లో చుట్టేయండి, మిగతా పని ఇంట్లో. గట్టులోనే ఉంటే, కనిపిస్తున్న అంచు ఎటు సన్నబడుతుందో చూస్తే మొన ఎటో, వేరు ఎటో తెలుస్తుంది. వేరు ఉందనుకున్న వైపు మూడు సెంటీమీటర్లు ఎక్కువే వదిలి, చుట్టూ వెదురు పుల్లతో కందకంలా గీయండి. ఆ దిమ్మ కిందికి పక్కనుంచి స్క్రూడ్రైవర్ దూర్చి దిమ్మని దిమ్మగా ఎత్తండి. వేరులో పగుళ్లు కనిపిస్తే ఎత్తకముందే తడిపిన టాయిలెట్ పేపరు రెండు పొరలు మెత్తగా అద్ది, పైన ఫాయిల్ నొక్కండి, అది పట్టీలా పనిచేస్తుంది.

విరిగిపోతే? ఆ చుట్టుపక్కల మట్టి గుప్పెడు కూడా పారేయకండి. మొత్తం ఒకే సంచిలో వేయండి. కొత్త విరుపు శుభ్రంగా, లేత రంగులో ఉంటుంది, దానికి జత ముక్క అక్కడే ఉంది. విరిగిన అంచు పన్ను రంగులోనే మరకపట్టి ఉంటే అది సముద్రంలోనే విరిగింది, మీరు వెతికినా దొరకదు.

గుర్తుపట్టడానికి మొదట అంచు తడిమి చూడండి. నున్నగా, నిటారుగా, వెడల్పుగా ఉంటే హస్టాలిస్. నున్నగా ఉండి మొన పక్కకి కొడవలిలా వంగితే ప్లానస్, ఇది పసిఫిక్ తీరపు ప్రత్యేకత. పెద్ద పెద్ద రంపపు కోరలు ఉండి అవి మొన దాకా పోకుండా ఆగిపోతే హెమిప్రిస్టిస్ పైదవడ పన్ను. కోడిజుట్టులా ఒకవైపు గండి పడి ఉంటే టైగర్ సొర. సెంటీమీటరున్నర లోపు త్రికోణం, సన్నని రంపం ఉంటే కార్కరైనస్ జాతి. దువ్వెనలా వరసగా మొనలుంటే ఆరు మొప్పల సొర, దాన్ని జాగ్రత్తగా పెట్టుకోండి. అంచంతా సన్నని సమానమైన రంపం, కిరీటానికీ వేరుకీ మధ్య ముదురు రంగు పట్టీ ఉంటే మాత్రం అందరినీ పిలవండి, అదే మెగలోడాన్. చదునుగా డామినో బిళ్లల్లా వచ్చేవి రే చేప దంతపు పలకలు. గుండ్రంగా, గవ్వలా, చేతికి బరువుగా తగిలేది తిమింగలమో డాల్ఫినో చెవి ఎముక, చాలామంది రాయనుకుని విసిరేస్తారు.

ఒక ఎముక పక్కన ఇంకోటి అతుక్కున్నట్టు వరసగా కనిపించినా, పుర్రె గుండ్రదనం కనిపించినా, పని ఆపి క్వారీవాళ్లని పిలవండి. విడి పన్ను ఏ గుంటలోదైనా పన్నే, కానీ వరసలో ఉన్న వెన్నుపూసల్లో అవి ఎలా ఉన్నాయన్నదే విలువ. సీలు జాతి అల్లోడెస్మస్, అంతరించిపోయిన సముద్రపు క్షీరదాలైన డెస్మోస్టైలియన్లు ఈ పొరలోవే.

తోటి సేకర్తల దగ్గర మర్యాద విషయానికొస్తే, ఒకరి మేకుల మధ్య వాళ్లు టీ తాగడానికి వెళ్లినా వేరేవాళ్లు చెయ్యి పెట్టకూడదు. ఒకరు పారేసిన మట్టిగుట్టలో ఇంకొకరికి దొరికితే అది దొరికినవాళ్లదా, కాదా అన్నది పొద్దున్నే మాట్లాడుకోండి, స్నేహాలు చెడేది అక్కడే. అరుదైనది దొరికినప్పుడు చేతి నుంచి చేతికి తిప్పకండి, ఫాయిల్‌లో ఉంచి చూపించండి. వెళ్లేముందు గుంట పూడ్చండి.

జల్లెడ పని పిల్లలకి ఇవ్వొచ్చు గానీ పొడి మట్టిని ఆడిస్తే దుమ్ము ముఖం మీదే లేస్తుంది. పావు అంగుళం కన్నుల జల్లెడ, తడి మట్టి, మాస్కు తప్పనిసరి. క్వారీవాళ్లు ఒప్పుకుంటే పొర మట్టి ఒక బకెట్ తెచ్చుకోండి. ఆరుబయట, పిల్లలకి దూరంగా, టార్పాలిన్ మీద పూర్తిగా ఎండనిచ్చి, మాస్కు పెట్టుకుని, నీళ్లలోకి మెల్లగా వదలండి. బాగా ఎండిన బంకమట్టి నీళ్లలో దానంతటదే విచ్చుకుంటుంది, పచ్చిగా వేస్తే ముద్దగానే ఉంటుంది. దోమతెర లాంటి సన్న జల్లెడలో కడిగితే రెండు మూడు మిల్లీమీటర్ల పళ్లు వస్తాయి. మన ఆసిఫాబాద్ వైపు మలేరి, కోట పొరల్లోని మంచినీటి సొరల బుల్లి పళ్లను శాస్త్రవేత్తలు బయటికి తీసేది కూడా ఇలా మట్టి కడిగే. అవి కంటికి ఆనవు, మైక్రోస్కోపు కావాలి.

ఇంటికొచ్చాక కడగాలనే తొందర వద్దు. వేరున్న పన్నుని నీళ్లలో ముంచితే వేరు బురదైపోతుంది. నీడలో వారం ఆరనిచ్చి, మెత్తటి టూత్‌బ్రష్‌తో, సూదితో మట్టి తీయండి. పన్ను మీద పట్టిన జిప్సం పెచ్చుకి వెనిగర్ వేయమని చెప్పేవాళ్లుంటారు. జిప్సం వెనిగర్‌కి కరగదు, పన్ను పై మెరుపు మాత్రం పోతుంది. సూదితో కొంచెం కొంచెంగా లేపడమే దారి. వేరు గట్టిపడటానికి పారాలాయిడ్ బి-72 అనే రెసిన్ గుళికలు 5 గ్రాములు, 100 మిల్లీలీటర్ల అసిటోన్. గాజు సీసా, లోహపు మూత. మామూలు ప్లాస్టిక్ డబ్బాలు అసిటోన్‌కి కరిగిపోవచ్చు. గుళికలు అడుగున ముద్ద కట్టకుండా పల్చటి గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే ఒక రోజులో కరుగుతాయి. కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా చేయండి, అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. పన్నుని అందులో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి ఆరబెట్టండి. పన్నులో తడి మిగిలి ఉంటే పైన తెల్లటి మసక వస్తుంది, ఇంకా ఆరనిచ్చి అసిటోన్‌తో తుడిస్తే పోతుంది. ముక్కలు అతికించడానికి అదే రెసిన్‌ని తేనెలా చిక్కగా కలపండి. సూపర్ గ్లూ తొందరగా అతుకుతుంది కానీ తప్పుగా అతికితే విడదీయడం కష్టం, ఏళ్లకి పచ్చబడుతుంది. పారాలాయిడ్ అయితే అసిటోన్ చుక్కతో విడదీసి మళ్లీ కూర్చొచ్చు. కిందటేడు విరిగినవి మీ దగ్గర ఇంకా ఉంటే, గ్లూ పెట్టకుండా ఉంటే, ఇప్పుడైనా ఇలా అతికించండి.

చివరగా, వేరు మీద గోరంత చోట రెసిన్ చుక్క పెట్టి, ఆరాక దానిపై నల్ల ఇంకుతో నంబరు వేసి, నోటుబుక్కులో ఆ నంబరు ఎదురుగా క్వారీ పేరు, తేదీ, ఎవరి మీటరులో, పొర పైభాగమా అడుగుభాగమా అని రాయండి. రాయడం ఆ సాయంత్రమే జరగాలి, మర్నాటికి పది మంది సంచులు కలిసిపోతాయి.